రేపటి కథలు - నేటి పక్షములు

1968వ సంవత్సరము జూను మాసమునాటి 'గాలక్సీ' యను అమెరికా కథాపత్రికను తెరచిన పాఠకులకు ఎదురెదురు పుటలలో రెండు ప్రకటనలు కనబడెను. వియత్నాము ప్రజలయెడ తనకు గల బాధ్యతను నెరవేర్చుటకై అమెరికా యా దేశమందు నిలిచి యుండవలసినదే యని ఒక పుట. ఆ యుద్ధమున అమెరికా పాల్గొనుటను మేము వ్యతిరేకించుచున్నామని రెండవ పుట. మొదటిదాని క్రింద 72 పేర్లు. రెండవదాని క్రింద 82 పేర్లు. ఇవి వ్యాసములు కావు. ఉభయపక్షములవారును సొమ్ము చెల్లించి వేయించుకొన్న ప్రకటనలు. పేర్లు పెట్టినవారు శాసనసభ్యులు కారు, సేనానులు కారు. గ్రహాంతరయానములను, యంత్రపురుషులను, కాలయంత్రములను గూర్చి కథలల్లి జీవించువారు.

వైజ్ఞానిక కల్పనలని మనము పిలుచుచున్న ఈ కథలు బాలుర వినోదమునకు మాత్రమే పనికివచ్చునవని అనేకుల యభిప్రాయము. ఏ నక్షత్రమండలములోనో ఏవో జంతువులు ఏవో యస్త్రములు ప్రయోగించుకొన్నచో మనకేమి నష్టము, మనకేమి లాభము అని వారి ప్రశ్న. ఆ రెండు పుటలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఈ ప్రశ్నకు తావుండదు. యుద్ధము సాగవలెనన్నవారిలో రాబర్టు హైన్లైను, పోల్ ఆండర్సను, జాక్ విలియంసను, లారీ నివెను, సంపాదకుడు జాన్ కాంబెలు ఉండిరి. వలదన్నవారిలో ఐజాక్ ఆసిమావు, రే బ్రాడ్బరీ, ఫిలిప్ డిక్, సామ్యూల్ డెలానీ, ఉర్సులా లె గ్విన్ ఉండిరి. వీరి కథలను ముందే చదివియున్నవాడు ఈ పట్టికలను చూడకయే పెక్కు పేర్లను సరియైన పుటలో చేర్చగలిగి యుండును. అనగా పక్షము కథలలో ముందే కలదు; ప్రకటన దానిని బయటపెట్టినది, అంతియే.

రెండవ పుటకు సంతకములు కూర్చినవారు జూడిత్ మెరిల్, కేట్ విల్హెల్మ్ అను నిరువురు రచయిత్రులు. అందు మెరిల్ ఆ యేడాదియే స్వదేశమును విడిచి కెనడాకు వెడలిపోయెను. ఆమె యిచ్చిన గ్రంథములే టొరాంటో పౌరగ్రంథాలయములో ఒక ప్రత్యేకశాఖకు పునాదియైనవి. రెంటిని ఒకే సంచికలో అచ్చొత్తిన సంపాదకుడు ఫ్రెడరిక్ పోల్ కథ మరింత విచిత్రము. 1939 జులైలో న్యూయార్కునందు ఈ కథాప్రియుల మొదటి ప్రపంచమహాసభ జరిగినపుడు, వామపక్షీయులని పేరుపడిన ఆరుగురు యువకులను లోనికి రానీయక ద్వారముకడనే నిలిపివేసిరి. ఆ యార్గురిలో పోల్ ఒకడు. కౌమారమున తాను కమ్యూనిస్టు యువజనసంఘమున చేరియుండుటను అతడు దాచుకొనలేదు, స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ద్వారముకడ నిలుపబడినవాడు ఇరువదితొమ్మిదేండ్లకు ద్వారపాలకుడై, తనకు గిట్టని పక్షమునకును సమానమైన పుట నిచ్చెను.

ఇక హైన్లైను సంగతి. అమెరికా నౌకాదళ విద్యాలయమున 1929లో పట్టము పొంది, క్షయవ్యాధిచేత 1934లో కొలువు చాలించుకొన్న ఈతడు మొదట ఏ పక్షమువాడని యడిగినచో నేటి పాఠకుడు పొరబడును. ఆ 1934లోనే కాలిఫోర్నియాలో సోషలిస్టు రచయిత అప్టను సింక్లేరు గవర్నరు పదవికి పోటీ చేయగా, దారిద్ర్యమును నిర్మూలింతుమను ఆ యుద్యమమున హైన్లైను పనిచేసెను. 1938లో డెమొక్రాటిక్ కక్షియై తాను రాష్ట్రశాసనసభకు నిలిచి యోడిపోయెను. కథలు వ్రాయనారంభించుట ఆ పరాజయమునకు తరువాతనే. ఇరువదియేండ్లు గడచునప్పటికి మనిషి మారిపోయెను. అణ్వస్త్రపరీక్షలను అమెరికా యేకపక్షముగా నిలుపవలెనను ఆందోళన 1958లో చెలరేగినపుడు, దాని కెదురుగా ప్రకటనలు వేయించి, వ్రాయుచున్న మరియొక నవలను ప్రక్కకు నెట్టి, 'స్టార్షిప్ ట్రూపర్స్' అను యుద్ధనవలను వ్రాసెను. 1959లో అది ప్రచురితమైనది.

ఆ నవలలోని లోకమున ప్రభుత్వసేవ చేసి ముగించినవానికే వోటుహక్కు. తక్కినవారు సుఖముగా జీవింపవచ్చును, ధనమార్జింపవచ్చును. పాలనలో మాత్రము వారికి మాట లేదు. కథకంటె పాఠశాలలో ఉపాధ్యాయుడు చేయు నీతిప్రసంగములే అందు బలవత్తరములు. శత్రువులు మనుష్యులు కారు, కీటకములు. కావున వారితో సంధి యను మాటయే పుట్టదు. యుద్ధకథలలో ఇది పాత యుపాయము. శత్రువును పురుగుగా చిత్రించినచో పాఠకుని మనస్సాక్షికి శ్రమ తగ్గును. ఇంతచేసి ఆ నవలానాయకుడు తెల్లవాడు కాడు, ఫిలిప్పీనువాడు. 1959లో అమెరికాలో అచ్చయిన పుస్తకమున ఇది చిన్న సంగతి కాదు. హాలండునందు నాజీల యాక్రమణకాలమున బాల్యము గడపిన పాల్ వెర్హోవెన్ 1997లో దీనిని చలనచిత్రముగా తీసినపుడు కథ నట్లేయుంచి, దాని భావమును తలక్రిందులు చేసి, ఫాసిస్టుల పరిహాసముగా మార్చెను.

అయినను ఈ హైన్లైను వ్రాసిన మరియొక నవల భారతీయుడు చదువదగినది. దాని పేరు 'ది మూన్ ఈజ్ ఏ హార్ష్ మిస్ట్రెస్'. 1965 డిసెంబరునుండి పైన చెప్పిన పోల్ సంపాదకత్వముననే 'ఇఫ్' అను పత్రికలో ధారావాహికముగా వెలువడి, 1966లో గ్రంథరూపము దాల్చినది. చంద్రలోకము భూలోకమువారికి ద్వీపాంతరవాసశిక్షకు స్థానము. ఖైదీలును, వారి సంతతియు అచ్చట నేలక్రింద సొరంగములలో నివసించుచు, త్రవ్వితీసిన మంచుగడ్డల నీటితో గోధుమ పండించుచుందురు. ధాన్యమును కొనువా డొక్కడే, ధర నిర్ణయించువాడు నొక్కడే. అది భూలోకప్రభుత్వము నియమించిన యధికారసంస్థ. ప్రతి ధాన్యపుమూటతోడను చంద్రలోకపు నీరు భూమికి తరలిపోవును, తిరిగివచ్చుట లేదు. ఇట్లే సాగినచో ఏడేండ్లలో ఆకలిదొమ్ములు పుట్టునని గణకయంత్రము లెక్కకట్టి చెప్పును. తిరుగుబాటు జరుగును. అమెరికా స్వాతంత్ర్యప్రకటనకు మున్నూరేండ్లు నిండు 2076 జులై 4వ తేదీని చంద్రలోకము తన స్వాతంత్ర్యమును ప్రకటించును.

ఈ లెక్కను మనము వేరొకచోట వినియున్నాము. దాదాభాయి నౌరోజీగారు దశాబ్దములపాటు సంఖ్యలు కూర్చి, 1901లో మహాగ్రంథముగా వెలువరించిన సంపదస్రావవాద మిదియే కదా! దేశమునుండి బయటికి పోవు సరకునకు బదులుగా దేశమునకు వచ్చునది చాలదు. ఆ వ్యత్యాసము ఏటేట పేరుకొని జాతిని శుష్కింపజేయును. 1876-78 కరవులో మదరాసు రాజధానియందలి జనులు మలమల మాడుచుండగా దేశమునుండి ధాన్యపు టెగుమతులు నిలువలేదు. హైన్లైను నౌరోజీగారిని చదివెనని నేననను. అతని మనస్సులో నున్నది బోస్టను రేవున తేయాకుపెట్టెలు. కాని బానిసత్వపు జమాఖర్చు ఎవరు వ్రాసినను ఒక్కతీరుననే తేలును. వియత్నామున నిలువుమని సంతకము చేసిన చేయియే, పరదేశపు టధికారమును రాళ్లువిసరి తరిమివేసిన ప్రజలను మెచ్చుకొనుచు వ్రాసెను.

ఇందు మరియొక మెలిక కలదు. ఆ చంద్రలోకపు ధాన్యముతో కడుపు నింపుకొనువారిలో ముఖ్యులు భారతీయులు. నవల వెలువడిన 1966లో మన దేశమున వరుసగా రెండవయేడు వానలు వెనుదీసినవి. ఆ యేడు దిగుమతియైన తిండిగింజలు సుమారు కోటి టన్నులు. వానిలో హెచ్చుపాలు అమెరికా గోధుమ. రేవున ఓడ దిగినగాని పొయ్యిమీద కుండ యెక్కని రోజులవి. అమెరికా రచయిత కంటికి ఆనాటి భారతదేశము ఆకలిగొన్న నోరుగా కనబడుటలో ఆశ్చర్యము లేదు. కాని విచారము కలదు. పీడితుల పక్షమున వ్రాసిన యీ కథలో చంద్రలోకవాసి మన పాత్రను ధరింపగా, మనకు లండనునందలి ధాన్యపు వర్తకుని పాత్ర దక్కినది.

రచయిత యభిప్రాయము నొకత్రోవ, అతని కల్పన మరియొకత్రోవ పోవుటకు ఇంతకుముందే గొప్ప నిదర్శనము హెచ్. జి. వెల్సు. అంగారకులు ఇంగ్లండుపై దండెత్తివచ్చు కథను 1898లో అతడు ప్రచురించెను. అన్న ఫ్రాంకుతో మాటాడుచుండగా టాస్మానియా ద్వీపవాసులకు తెల్లవారివలన కలిగిన దుర్గతి ప్రస్తావనకు వచ్చినదనియు, ఆకసమునుండి ఎవరైన దిగివచ్చి మనకును అట్లే చేసినచో ఎట్లుండునను ప్రశ్న పుట్టినదనియు చెప్పుదురు. గ్రంథమును ఆ యన్నకే యంకితమిచ్చెను. మొదటి ప్రకరణముననే టాస్మానియనుల పేరెత్తి, వారిని మాపివేసిన మనకు అంగారకులను నిందించు నర్హత కలదా యని ఆంగ్లేయ పాఠకుని నిలదీసెను. విక్టోరియారాణి వజ్రోత్సవము జరిగిన మరుసటి సంవత్సరమున లండను వీధులలో లండనువాసులే కట్టుబట్టలతో పరుగెత్తుటను చూపిన పుస్తకమిది. పరిపాలితజాతుల పక్షమున ఇంతటి వాదమును ఆకాలమున పార్లమెంటులో ఎందరు చేసిరి? అయినను ఇదే వెల్సు 1901లో, రాబోవు కాలమును గూర్చి కల్పన కాక ప్రసంగముగా వ్రాసినపుడు, క్రొత్త యుగపు సామర్థ్యమునకు తగని నల్ల, గోధుమ, పసుపు వన్నెల జనులు తొలగిపోవలసినదే యని తీర్పు చెప్పెను. కథకునికి తెలిసినది ఉపన్యాసకునికి తెలియలేదు.

రష్యాలో వ్యవహారము వేరుగ నడచెను. జారు ప్రభుత్వముచేత చెరసాలకు పంపబడిన పాత బోల్షివిక్కు జమ్యాటిన్, విప్లవము జరిగిన మూడునాలుగేండ్లకే 'మేము' అను నవలను వ్రాసెను. అందలి పౌరులకు పేర్లు లేవు, అంకెలే, ఇండ్లగోడలు గాజువి. స్వదేశమున అది అచ్చుకాలేదు. 1924లో న్యూయార్కున ఆంగ్లములో వెలువడెను. 1931లో స్టాలినుకు లేఖ వ్రాసి దేశము విడుచుటకు అనుమతి పొంది, జమ్యాటిన్ 1937లో పారిసున గతించెను. మాతృభూమిలో ఆ పుస్తకము 1988లో గాని ముద్రితము కాలేదు. దానిని చదివి 1946లో విమర్శవ్రాసిన ఆర్వెల్, 1949 జూనులో తన '1984'ను ప్రకటించెను. ఆర్వెల్ జన్మస్థానము చంపారనునందలి మోతీహారి. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తాను అయిదేండ్లు బర్మాలో పోలీసుగా నుండి, విసిగి, ఆ కొలువును విడిచెను. గూఢచారి కంటికి మరుగులేని రాజ్యము ఎట్లుండునో ఊహించుటకు మాస్కో యొక్కటియే అతనికి ఆధారము కాదని యనుకొనుట తప్పుకాదు. తన గ్రంథము సోషలిజముపై దాడి కాదని ఆర్వెల్ మొత్తుకొనినను, ప్రచ్ఛన్నయుద్ధమున దానిని తమ ఫిరంగిగా వాడుకొన్నవారు వినలేదు.

వియత్నాము ప్రకటనలకే మరలివత్తము. ఆ రెండు పుటలవలన యుద్ధ మొక గడియయైన ముందుగా ముగియలేదు. కాని కథలు పుట్టినవి. లె గ్విన్ 1968లో లండనునందుండి, స్వదేశమునందువలె ఊరేగింపులలో పాల్గొనుటకు వీలులేక, అడవులనిండిన గ్రహమును భూలోకవాసులు కలపకై కొల్లగొట్టు కథను వ్రాసెను. 1972లో అది వెలువడి మరుసటియేడు హ్యూగో బహుమతిని పొందెను. అందలి దళాధిపతి పాత్ర ఆదినుండి తుదివరకు నలుపే. ఇసుమంతయు తెలుపు లేదు. కోపము తన కలమును నీతిబోధవైపు లాగినదని ఆమెయే తరువాత ఒప్పుకొనెను. ఇట్టి యాత్మవిమర్శ హైన్లైను చేసినట్లు కానరాదు.

అంతకంటె లోతైనది జో హాల్డ్మను వ్రాసిన 'ఫరెవర్ వార్'. ఈతడు ఏ పుటయందును సంతకము చేసినవాడు కాడు. భౌతికశాస్త్రము చదివి, నిర్బంధసైన్యసేవక్రింద వియత్నాము పోయి, గాయపడి వచ్చినవాడు. ఇతని సైనికులు కాంతివేగమునకు చేరువగా ప్రయాణించుటచే వారికి నెలలు గడచునప్పటికి భూమిపై శతాబ్దములు గడచిపోవును. ఇంటికి వచ్చిన సైనికునికి తనవారు లేరు, తన భాష లేదు, తన లోకము లేదు. ఐన్స్టీను సిద్ధాంతమును ఇంతకంటె కన్నీటితో చెప్పినవారు అరుదు. యుద్ధము దేనికి పుట్టినదని తుదకు విచారింపగా, పొరపాటున పుట్టినదని తేలును. పలువురు ప్రచురణకర్తలు త్రిప్పికొట్టిన పిమ్మట 1974లో అచ్చయినది. 'స్టార్షిప్ ట్రూపర్స్'కు ఎదురుగా నిలిచిన యీ నవలను హైన్లైనే స్వయముగా మెచ్చుకొనెనని హాల్డ్మను చెప్పియున్నాడు. నాకీ మెచ్చుకోలు ఆ రెండు ప్రకటనలకంటె విలువైనదిగా తోచును.

పక్షము లేదని చెప్పుకొనువారియందే నాకు సందేహ మెక్కువ. 1937 చివరనుండి 1971లో మరణించువరకు 'అస్టౌండింగ్' పత్రికను నడిపిన కాంబెల్, కథలో విజ్ఞానము సరిగా నుండవలెనని మాత్రమే తాను కోరుదునని చెప్పుకొనెడివాడు. నీగ్రో యువకుడైన డెలానీ 1967లో 'నోవా' అను నవలను పంపగా, నల్లవానిని నాయకునిగా తన పాఠకులు అంగీకరింపరని త్రిప్పిపంపెనని డెలానీ వ్రాసియున్నాడు. కాంబెల్ పేరిట క్రొత్త రచయితల కిచ్చుచుండిన బహుమానమును 2019లో అందుకొన్న జెనెట్ ఎన్జీ యను రచయిత్రి వేదికపైననే అతనిని ఫాసిస్టని నిందించెను. ఆ నెలలోనే బహుమానపు పేరు మార్చిరి. అంతకు నాలుగేండ్లముందు, 2015లో, హ్యూగో బహుమానములు వామపక్షపు చేతిలో చిక్కినవని యొకవర్గము మూకుమ్మడిగా తమవారిని ప్రతిపాదింపగా, తక్కినవారు కోపించి అయిదు విభాగములలో ఎవరికిని బహుమతి వలదని వోటు వేసిరి. ఆ గలభాలో నవలాబహుమతి పొందినది చీనావాడైన ల్యూ ట్సిషిన్ రచన. అది ఆంగ్లమున సాంస్కృతికవిప్లవపు ఘోరదృశ్యముతో ప్రారంభమగును. చీనాలో పుస్తకముగా అచ్చయినపుడు ఆ దృశ్యమును నడుమ దాచిరి. 2023లో ఆ దేశపు చెంగ్డూ నగరమున సభ జరిగినపుడు అర్హతగల కొందరి పేర్లు పట్టికనుండి తొలగింపబడినవని తరువాత బయటపడెను. ద్వారముకడ నిలుపువారు మారిరి, నిలుపుట మారలేదు.

ఈ వాదులాటలన్నిటిలోను భారతదేశము ప్రేక్షకురాలనుకొనుట పొరబాటు. 1905లో, వంగదేశమును రెండుగా చీల్చిన యేట, మదరాసునుండి కమలా సత్యనాథన్ గారి సంపాదకత్వమున వెలువడుచుండిన 'ఇండియన్ లేడీస్ మాగజైన్' నందు రొకియాబేగము గారి 'సుల్తానాస్వప్నము' ఆంగ్లములో ప్రకటితమాయెను. అందు పురుషులు ఘోషాలో నుందురు. స్త్రీలు సూర్యతాపమును యంత్రములతో కూడబెట్టి శత్రుసేనను కాల్చి తరుముదురు. మేఘములనుండి నీటిని గొట్టములద్వారా దింపుకొందురు. కథ హాస్యముగా నడచును. కాని అందలి రాణి, కోహినూరునకు వేయిరెట్లు మెరయు వజ్రమునకైనను తాము పోరాడమనియు, ఇతరుల నేలను ఆశింపమనియు చెప్పు తావున హాస్యము ఆగును. ఆ వజ్ర మప్పుడెవరి యధీనమున నున్నదో మదరాసు పాఠకురాలికి వేరుగ చెప్పనక్కరలేదు.

అంతకు డెబ్బదియేండ్లకు పూర్వము, 1835లో, మెకాలే తన విద్యానివేదికను వ్రాసిన సంవత్సరముననే, కలకత్తా హిందూకాలేజి విద్యార్థి కైలాసచంద్ర దత్తు ఆ మెకాలే భాషలోనే, నూటపదియేండ్ల యవతలి కాలమును ఊహించి యొక కథను ప్రకటించెను. 1945లో నలుబదియెనిమిది గంటలు జరుగు వృత్తాంతమది. ఆంగ్లవిద్య నేర్చిన యువకులు భువనమోహనుని నాయకత్వమున బ్రిటిషువారిపై సాయుధముగా తిరుగబడుదురు, ఓడిపోవుదురు, నాయకునికి మరణదండన. పదియేండ్లకు, 1845లో, శశీచంద్ర దత్తు అంతకంటె ధైర్యముచేసి, ఇరువదియవ శతాబ్దిలో ఒరిస్సా స్వతంత్రరాజ్యమైనట్లు వ్రాసెను. సిపాయిల తిరుగుబాటునకు ఇవి వరుసగా ఇరువదిరెండేండ్లు, పండ్రెండేండ్లు ముందటివి. అప్పటికి స్వరాజ్యమను మాట వేదికలెక్కలేదు, కాంగ్రెసు లేదు.

కైలాసచంద్రుడు గురిపెట్టిన 1945వ సంవత్సరము నిజముగనే వచ్చినది. ఆ యేడు నవంబరు 5వ తేదీని ఢిల్లీ యెఱ్ఱకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు ముగ్గురు, షానవాజ్ ఖాను, సహగల్, ధిల్లాను, చక్రవర్తిపై యుద్ధము చేసిరను నేరమునకు విచారణకు నిలిచిరి. ద్వీపాంతరవాసశిక్ష పడినది. 1946 జనవరి మొదటివారమున సర్వసేనాని ఆ శిక్షను రద్దుచేయగా, వారు ముగ్గురును కోట వాకిటి వెలుపలికి నడచి వచ్చిరి.